నాటకకర్తలు లేరా?

మన నాటకసమాజములవారిని క్రొత్త నాటకము లేల యాడరని ప్రశ్నించినచో వచ్చు ప్రత్యుత్తర మొక్కటియే: "ఆడుటకు మేము సిద్ధముగనే యున్నాము, వ్రాయువారే లేరు." ఇట్టి మాట తెలుగుదేశమునకు క్రొత్తది కాదు. నైజాము రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని పూర్వ మొకరు వ్రాసిరి. దానికి గోలకొండ పత్రికా సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు వాదముతో బదులు చెప్పలేదు. కవుల పేరులను, పద్యములను కోరి తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. లేరనిన వారు వెదకలేదని మాత్రమే ఆ గ్రంథమువలన తేలినది. నాటకకర్తలు లేరను నేటి ఫిర్యాదును కూడ మేమట్లే శంకించుచున్నాము. వెదకిన దెవరు? ఎక్కడ వెదకిరి? దొరకిన వానికి ఏమి పెట్టిరి?

ఈ ప్రశ్నలను చేవెళ్ల, మొయినాబాదు మండలముల నుద్దేశించి వేయుదుము. హైదరాబాదునుండి బీజాపురము పోవు బాట ఈ రెండు గ్రామములను దాటి పోవును. ఆ బాట కిరుప్రక్కల నైజాము కాలపు మఱ్ఱిచెట్లు సుమారు 900 గలవు. రహదారిని వెడల్పు చేయుటకై వానిని తొలగింతురని తెలిసినప్పుడు వృక్షప్రియులు జాతీయ హరిత న్యాయస్థానము నాశ్రయించిరి. మొయినాబాదు రెండు జలాశయముల నడుమ నున్నది. 1908 నాటి మూసీ వఱద హైదరాబాదును ముంచిన తరువాత, మరల నట్టి యుపద్రవము రాకుండుటకును నగరమునకు త్రాగునీటికిని ఉస్మాన్‌సాగరును, హిమాయత్‌సాగరును నిర్మించిరి. ఆ నీటి రక్షణకొఱకు 1996లో ప్రభుత్వము 111వ సంఖ్యగల ఉత్తరువు వెలువరించి, 84 గ్రామములలో కట్టడములకు గట్టి కట్టుబాట్లు విధించినది. నగరము నీళ్లు త్రాగినది. ప్రక్క గ్రామముల భూములు బంగార మయ్యెను. ఈ గ్రామముల రైతు తన చేనిని చూచుచు కూర్చుండెను. 2022లో 69వ సంఖ్యగల ఉత్తరువుతో ఆ కట్టు సడలింప నుద్దేశించిరి.

ఒక్క యింటిలోని మాట తలపోయుడు. అన్న యమ్ముదమనును. తమ్ముడు చెఱువేమగునని యడుగును. అత్తవారింట నున్న చెల్లెలు తన పాలు ఏదని వచ్చి వాకిట నిలుచును. ముసలితల్లికి ఆ చేనిలోని బావియే లోకము. కౌలు చేయువాడు గట్టున కూర్చుండి వీరందఱి మాటలు వినుచుండును. అతని నెవరును అడుగరు. ఇంతకు మించిన నాటకవస్తువు ఏ దేశమునం దున్నది? ఈ గొడవలు కచేరిలో దరఖాస్తులుగను, వార్తాపత్రికలో నాలుగు పంక్తులుగను, ఎన్నికలలో వాగ్దానములుగను వెలువడుచున్నవి. రంగస్థలమున మాత్రము ఈ యిల్లు మాకు కానరాదు. చేలు చేతులు మాఱి, ప్రహరీగోడలు లేచి, ఆ తల్లి కన్నుమూసిన తరువాత వ్రాయవచ్చునని యుపేక్షించినచో, అప్పటికి వ్రాయువానికి ఆమె మాటతీరు దొరకదు.

అందువలన ఈ రెండు మండలములకు ఒక ప్రజానాటకశాల కావలయుననియు, దాని మొదటి కట్టుబాటు క్రొత్తవారిచేత వ్రాయించుటగా నుండవలయుననియు మేము కోరుచున్నాము. శాల యనగా రవీంద్రభారతివంటి భవనము కాదు. చేరి పనిచేయు మనుష్యులు, తప్పక తెఱచియుండు ఒక తలుపు, ఏటేట ఆడబడు ఒక క్రొత్త నాటకము, ఇంతియే.

మన పల్లెలకు క్రొత్తకర్త ఎన్నడును వింతవాడు కాడు. చిందువారి యాటలు, ఒగ్గుకథలు, వీథిభాగవతములు చూచి పెరిగిన జనమిది. చెర్విరాల భాగయ్యగారు పండితసభలకొఱకు కాక, రాత్రి యెల్ల మేలుకొని చూచు పల్లెజనముకొఱకు యక్షగానములను రచించిరి. ఊరివారు వానిని నేర్చి, వేషములు కట్టి, ఆడిరి. ఊరిమధ్య వ్రాసి ఊరిమధ్య ఆడుట అప్పు డందఱకు సహజముగ తోచినది. ఆ పనికి పట్టణపు చదువును, పరిషత్తు బహుమానమును అవసరమను నమ్మిక మనకు తరువాత కలిగినది.

ప్రక్కనే సురభివారున్నారు. 1885లో కడపమండలమందలి సురభి గ్రామమున కీచకవధతో మొదలిడిన ఆ కుటుంబములు ఊరూర తిరిగి, తుదకు పెక్కుమంది శేరిలింగంపల్లిలో స్థిరపడిరి. మొయినాబాదునుండి చూచిన వారు ఇరుగుపొరుగువారే. పురుషులు స్త్రీవేషములు వేయుచున్న కాలముననే తమ యాడువారిని రంగమెక్కించిన ధైర్యము వారిది. మాయాబజారున ఘటోత్కచుని విద్యలు చూచి ముక్కున వ్రేలు వేసికొనని పిల్లవాడు లేడు. ఆ సమాజమునకు సారథ్యము వహించిన నాగేశ్వరరావుగారిని, బాబ్జీగా జనులెఱిగినవారిని, 2013లో పద్మశ్రీ వరించినది. వారు 2022లో గతించిరి. అయినను ఒక మాట చెప్పక తప్పదు. మాయాబజారు, పాతాళభైరవి, బాలనాగమ్మ, లవకుశ: ఇవియే వారి కూడు, ఇవియే వారి సంకెల. టిక్కెట్టు కొనువాడు ఎఱిగిన కథనే కోరును. ఇల్లు గడువవలసిన సమాజము ఎఱుగని కథను నెత్తి కెత్తుకొనజాలదు. 1990 ప్రాంతముల తరువాత కర్ణాటకమునుండి బి. వి. కారంతుగారు వచ్చి వారిచేత భీష్మ, చండీప్రియ, బస్తీదేవత యాదమ్మ అను నాటకము లాడించిరి. చివరిది జర్మను కవి బ్రెహ్ట్ నాటకమునకు మన బస్తీ వేషము. తరతరముల పౌరాణిక నటులు ఒక బస్తీ స్త్రీ గోడును పలుకగల్గిరి! కొఱత నటులయందు లేదని దీనివలన స్పష్టమే. ఆ ప్రయత్నము తరువాతి యాదమ్మను ఇక్కడి చేతియే వ్రాసి యుండవలసినది.

బయటివాడు మన గోడు వ్రాయరాదని మేమనము. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు తెలంగాణా రైతుల పోరాటమును గూర్చి మాభూమి నాటకము వ్రాసిరి. ప్రజానాట్యమండలివా రాడిన ఆ నాటకమును మద్రాసు ప్రభుత్వము నిషేధించునంతటి బలము దానికి గలిగినది. ఇద్దఱును కోస్తా జిల్లాలవారు. ఆ ఋణము తెలంగాణము మఱువదు. కాని ఎల్లకాలము పొరుగువాడు వచ్చి మన కథ చెప్పవలయునని కూర్చుండుట మర్యాద కాదు. లోపలివాడు చెప్పినప్పుడు బయటివానికి తోచని దొకటి వెలువడును. బోయి భీమన్నగారి పాలేరు చూడుడు. పశువుల కాచు బాలుడు చదివి అధికారి యగుట ఆ కథ. దానిని చూచి తమ బిడ్డలను బడికి పంపిన పాలేరులు పెక్కురని ప్రతీతి. జాలిపడుచు వ్రాసినవాడు ఆ బాలుని అధికారిని చేయడు. అనుభవించి వ్రాసినవాడు చేసెను. ఇటీవలి కాలమున వినోదినిగారి దాహము నాటకమున దళితవాడకు నీళ్లు ఎట్లు దక్కవో చూపబడినది. నీటి బిందెను నెత్తిపై మోసిన కుటుంబపు స్త్రీకి నీటిని గూర్చి తెలిసిన సంగతి, బావి తమ పెరటిలోనే యున్నవానికి తెలియదు గదా.

హైదరాబాదుననే మఱియొక నిదర్శనము గలదు. బబ్బన్ ఖాన్ అను యువకుడు దక్కనీ మాటలో అద్రక్ కే పంజే అను ప్రహసనము వ్రాసి 1965లో తానే యాడ మొదలిడెను. పేద గుమాస్తా, చాలని జీతము, ఇంటినిండ పిల్లలు: కథ యంతే. అది 2001 వఱకు పదివేల ప్రదర్శనములకు పైగా నడచినది. ఆ దక్కనీ పలుకు పండితుల ఉర్దూకు వెలియైనది. బజారులో వినబడు మాటనే అతడు రంగముపై పలికెను, బజారంతయు వచ్చి చూచెను. మొయినాబాదు వీథులలో నేడును ఆ దక్కనీ పలుకబడుచున్నది. ప్రక్క తండాలలో లంబాడీ పలుకబడుచున్నది. తోటలలోను కట్టడములలోను పనికివచ్చిన వలసకూలీలు తమ తమ నుడులను తెచ్చికొనిరి. వీరి నందఱిని విడిచి ఈ ప్రాంతపు నాటకమనునది యుండదు.

ఇక నొక పరాయిదేశపు కథ చెప్పుదుము. స్వాతంత్ర్యసమరపు దినములలో మన పెద్దలు ఐర్లాండును తరచుగా తలంచుచుండిరి. కాని వారి నాటకశాలను అంతగా తలంచలేదు. 1904లో డబ్లిను నగరమున ఆబీ నాటకశాల తెఱచిరి. యేట్సు కవియు, లేడీ గ్రెగొరీయు దానికి పెద్దలు. ఐరిషువారి కథలను ఐరిషువారే వ్రాయవలయునని వారి పంతము. ఆ నగరమునందే షాన్ ఓకేసీ యను కూలివాడుండెను. రైలుదారిపై పలుగుపాఱ పట్టి బ్రదికినవాడు. కండ్ల జబ్బుచే చిన్ననాట బడిచదువు సరిగా సాగనివాడు. అతడు నాటకము వ్రాసి పంపెను, త్రిప్పి పంపిరి. మఱియొకటి పంపెను, అదియు మరలి వచ్చినది. అయితే త్రిప్పి పంపుటలోను విధము లున్నవి. వారు చదివి, ఎందువలన తగలేదో వ్రాసి పంపిరి. లేడీ గ్రెగొరీ అతనిని పిలిచి, నీ బలము పాత్రలను సృష్టించుటలో నున్నది, దానిని పట్టుకొమ్మని చెప్పెను. 1923లో అతని నాటకము ఆబీ రంగమెక్కినది. అప్పటికి అతని వయస్సు 43 ఏండ్లు! మరుసటి యేట వచ్చిన నాటకము ఇరుకు అద్దెగదులలోని పేదకుటుంబమును లోకమునకు చూపినది.

ఈ కథలో మనబోంట్లకు కొంచెము చుఱుక్కుమనునట్టి భాగ మొకటి గలదు. 1926లో ఓకేసీ తమ దేశపు తిరుగుబాటునే వస్తువుగా గైకొని, వీరుల ప్రక్కనే పిఱికివారిని, త్రాగుబోతులను, దోచుకొనువారిని చూపెను. దేశభక్తులు శాలలో గగ్గోలు చేసిరి, గలభా జరిగినది. యేట్సు వేదికనెక్కి వారిని మందలించెను. అల్లరి చేసినవారు శత్రువులు కారు. దేశముకొఱకు బిడ్డలను పోగొట్టుకొన్నవారు సైతము వారిలో నుండిరి. అయినను నాటకశాల కర్త పక్షమున నిలిచినది. ఆ శాలయే రెండేండ్లకు, 1928లో, అతని మఱియొక నాటకమును నిరాకరించి, అతనిని తనకు దూరము చేసికొన్నదనుట కూడ చెప్పవలెను. అతడు ఆంగ్లదేశముననే యుండిపోయెను. కర్తను పెంచుట కష్టము, నిలుపుకొనుట అంతకంటె కష్టము.

అంతదూరము పోనక్కఱలేదనువారికి కర్ణాటకమునందలి హెగ్గోడు గలదు. శివమొగ్గ జిల్లాలో పోకచెట్ల నడుమ నున్న చిన్నయూరది. 1949లో అక్కడ నీనాసం సమాజము వెలసినది, కె. వి. సుబ్బన్నగారు దానిని పెంచిరి. 1980లో నాటకవిద్యాలయము, 1985లో ఊరూర తిరుగు తిరుగాట ఏర్పడినవి. 1991లో సుబ్బన్నగారికి మెగసెసె పురస్కారము లభించినది. పల్లెలో నెవరు చూతురను ప్రశ్నకు హెగ్గోడు చాలు. పుణెలో థియేటర్ అకాడమీవారు సతీశ్ ఆళేకర్‌గారి పూనికతో 1985 మొదలు పదేండ్లపాటు ఒక పథకము నడపి, క్రొత్త నాటకకర్తలను పోగుచేసి పని నేర్పిరి. కన్నడిగులు, మహారాష్ట్రులు చేసినది తెలుగువారికి చేతకానిదా?

మన పరిషత్తు పోటీలను మేము తక్కువ చేయము. 1929లో తెనాలియందు ఆంధ్రనాటక కళాపరిషత్తు పుట్టినది మొదలు నేటివఱకు క్రొత్త నాటికలు వచ్చుచున్నవనిన ఆ పోటీల చలువయే. కాని పోటీకి వ్రాయునప్పుడు కర్త కన్ను న్యాయనిర్ణేతపై నుండును. గంటలోపల ముగియవలెను, రంగాలంకరణ మార్చరాదు, చివర నొక కన్నీటి ఘట్టము తప్పదు. ఇన్ని నాటికలలో ఒకే సోఫా, ఒకే వృద్ధుడైన తండ్రి, అమెరికానుండి రాని ఒకే కొడుకు! బహుమతి పుచ్చుకొన్న నాటిక మఱి రెండు మూడు పోటీలలో ఆడబడి మూలబడును. ఊరికొఱకు వ్రాసినది ఊరిలో నిలుచును.

చేవెళ్ల, మొయినాబాదు ప్రజానాటకశాల యేమి చేయవలయునో మా మనస్సున నున్నది చెప్పెదము. వ్రాతప్రతి పంపిన ప్రతివానికి మాసములోపల సకారణమైన జాబు పోవలయును. ఓకేసీని నిలిపినది జాబే. నాటకము నచ్చకపోయినను అందులో ఒక్క పాత్ర జీవించియుండిన, ఆ కర్తను పిలిపించి నటులచేత ఆ ఘట్టమును చదివించి వినిపింపవలయును. తన మాట యితరుల నోట విన్నప్పుడు కాని నాటకకర్తకు తన తప్పు తెలియదు. ఇది పుస్తకమువలన వచ్చు విద్య కాదు. వ్రాయలేనివాడు చెప్పినను మఱియొకడు వ్రాసికొనుట కేమి అడ్డము? చిందు కళాకారులు ఎందఱు ఈ విధముననే తరతరముల కథను కాపాడలేదు! కర్తకు పారితోషిక మియ్యవలయును, అది స్వల్పమైనను సరియే. కరపత్రమున నటుని పేరు పెద్దయక్షరములలోను, కర్త పేరు ముద్రాపకుని పేరు ప్రక్కనను వేయు నలవాటు మానవలయును. ఒక నాటకము చెడినచో ఆ కర్తకే రెండవ యవకాశ మియ్యవలయును. మొదటి చాలు వంకరపోయినదని నాగలిని విఱుగగొట్టు రైతు ఉండడు.

స్త్రీలను గూర్చి వేఱుగ చెప్పవలసియున్నది. సురభి స్త్రీలు రంగమెక్కి నూఱేండ్లు దాటినవి. వేషమునకు అనుమతి దొరకినది గాని కలమునకు దొరకినదా? తెల్లవాఱకముందే క్యారెట్టు గడ్డలు కడిగి, మూటలు కట్టి, నగరపు అంగడికి పంపు స్త్రీ రాత్రి పొద్దుపోయినదాక అభ్యాసమునకు రాలేదు. ఆమె వచ్చు వేళకు శాల తలుపు తీయవలయును. వెంట వచ్చిన పసిబిడ్డను చూచుకొనుట కొకరుండవలయును. ఇవి చిన్నవిషయములని నవ్వువారు, నాటకశాలలలో స్త్రీకర్తలు లేకపోవుటకు కారణములు వేఱే చెప్పజాలరు.

భాషను గూర్చి ఆక్షేపణ రాగలదు. చేవెళ్ల మాటలో వ్రాసిన గుంటూరులో నెట్లు తెలియునందురు. గురజాడవారు కన్యాశుల్కమును వాడుకమాటలో వ్రాసినప్పుడును ఇట్లే యనిరి. 1892లో విజయనగరమున ఆడిన ఆ నాటకమును నేడు తెలుగు వచ్చిన ప్రతివాడును అనుభవించుచున్నాడు. విజయనగరపు మాట అనంతపురమున తెలియగా, చేవెళ్ల మాట మాత్రము తెలియదా? తెలంగాణా పలుకు నిన్నమొన్నటివఱకు చలనచిత్రమున హాస్యగానికిని, దుష్టునికిని, ఇంటి నౌకరునకును మీదుకట్టిన పలుకుగా నుండినది. ఆ పలుకులో నొక తండ్రి కూతురిని "జర పైలం బిడ్డా" యని సాగనంపగా సభ నిశ్శబ్దముగ వినవలయును. ఇంత గ్రాంథికముగ వ్రాయుచు వాడుకమాటను సమర్థించుచున్నామని పాఠకులు నవ్వినచో మాకు అభ్యంతరము లేదు. సంపాదకీయమున కొక దుస్తు, రంగస్థలమున కొక దుస్తు.

వేఱొక భయమును దాచరాదు. భూమిని గూర్చి, చెఱువును గూర్చి, కులమును గూర్చి వ్రాసిన నాటకము ఊరి పెద్దలకు నచ్చదు. చందా యిచ్చినవారి తోటగోడయే కథలోనికి వచ్చును. నాటకశాల అప్పుడు ఎవరి పక్షమున నిలుచునో ముందుగానే నిశ్చయించుకొనవలయును. మొయినాబాదు మండలము పెద్దమంగళారమున జన్మించిన కొండా వెంకట రంగారెడ్డిగారు 1936లో షాద్‌నగరు ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించిరి. గస్తీ నిషాను 53 చేత సభకు సర్కారు అనుమతి కావలసిన దినములవి. ఇప్పు డట్టి అడ్డు లేదు. చందాదారుని కోపమే పెద్ద అడ్డమయినచో, చిన్న చందాలు పెక్కు ప్రోగుచేసికొనుట మేలు.

ఖర్చును గూర్చి బెదరవలసినది లేదు. మొయినాబాదు మండలమున కళాశాలలు పెక్కు గలవు. సెలవుదినములలో వాని సభామందిరములకు తాళములుండును. ఒక్క యాదివారము ఒక్క తాళము తీసిన చాలును. సురభి పెద్ద యొకరు వచ్చి వెనుకబల్లపై కూర్చుండవలయును. తండానుండి యొకరు, దళితవాడనుండి యొకరు, బజారునుండి యొకరు తమ తమ కాగితములు తెచ్చి, ఒక్కొక్కరు ఒక్కొక్క ఘట్టము చదువవలయును. తెఱయు, దీపములును, రంగులును అక్కఱలేదు. చదువు ముగిసిన పిమ్మట చేయవలసిన దొక్కటే: వచ్చు నెల చదువు ఏ తారీఖున నుండునో గోడమీద వ్రాసి పోవలయును.